రెండు కళ్ళ లోతు

పర్ను అఖాతంలో మే నెల పొద్దు.
ఇంజను ఆపి, హెల్దుర్
తెల్లపళ్ళాన్ని తాడుతో నీళ్ళలోకి దించుతాడు.
అన్నం కంచమంత వెడల్పు, కింద సీసం బరువు.
కనుమరుగైన చోట తాడు ముడులు లెక్కపెట్టి
"రెండు మీటర్ల పది. రాసుకో, లేలో" అంటాడు.
ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఇదే మాట,
అంకె మాత్రం తగ్గుతూ.

నీటికి రంగు లేదని బళ్ళో చెప్పారు.
ఇక్కడి నీళ్ళు ఆ బడికి వెళ్ళలేదు.
ఎగువ చిత్తడి అడవులను నానబెట్టి
నది ఒక పలచటి డికాక్షన్ దించుతుంది;
ఆ పసుపు ముందుగా నీలాన్నే తాగేస్తుంది.
మంచు కరగ్గానే పుట్టే నాచు నలుసులు
నీలమూ ఎరుపూ మేసి
తమకి సయించని ఆకుపచ్చను మనకి వదిలేస్తాయి.
మొన్నటి గాలికి లేచిన బంకమట్టి
తాగేది తక్కువే, తోసేదే ఎక్కువ.
దాని గుంపులో పడ్డ కిరణం
సంతలో తప్పిపోయిన పిల్లాడిలా
తిరిగి తిరిగి, వచ్చిన గుమ్మానికే చేరుతుంది.

ఎవరి వాటా ఎంతో తేల్చడం నా ఉద్యోగం.
సీసాలు, వడపోత కాగితాలు, చల్లబడ్డ వేళ్ళు.

ఈ మార్చిలో హెల్దుర్ కుడికంటి శుక్లం తీశారు.
కట్టు విప్పిన సాయంత్రం
కొక్కేనికి వేలాడే తన పాత స్వెటర్‌ని చూసి
"ఇది నీలమా!" అన్నాడట.
పన్నెండేళ్ళుగా బూడిద రంగనుకుని తొడిగాడు.

ఇవాళ పళ్ళెం దించి
ఎడమకన్ను తెరిచి చూశాడు: రెండు పది.
అది మూసి, కుడికన్ను: రెండు అరవై.
అదే తాడు, అదే నీడ, అదే సముద్రం.
ముసలి కంటి కటకమూ అడవి నీళ్ళలా పసుపెక్కుతుందట,
అదీ నీలాన్నే ముందు తాగుతుందట.

క్యాబిన్ పెట్టెలో ముప్ఫై ఒక్క నోటుబుక్కులు.
వాటి మీదే కదా మేం
అఖాతం మసకబారుతోందని నివేదికలు రాశాం.
అందులో కడలి ఎంత, కన్ను ఎంత?

"ఏది రాయను?" అడిగాను.
చాలాసేపు తాడు చుట్టాడు, తడి చేతులతో.
"రెండూ రాయి. నా మసక
దాని ఖాతాలో వేయకు."

మరోసారి నేనే దించాను.
రెండు యాభై ఐదు.
నాకు ముప్ఫై నాలుగేళ్ళు.
అంకె పక్కన, ఎన్నడూ లేని గడి ఒకటి గీసి
నా వయసు కూడా రాశాను.