నిజ్వా కోటల ఖర్జూరపు గది

టికెట్ ధర చూసి లింబాద్రి
వారం కూరగాయలని లెక్కగట్టిండు.
శుక్రవారం కద, అయినా లోపలికి పోయినం.

మెట్లల్ల ఒకటి మోసపు మెట్టట.
చెక్క జరిపితే కింద చీకటి గుంత.
"ఇసొంటిది నేనొకటి ఎక్కిన" అన్న,
"జగిత్యాల బస్టాండు ఎదురుంగ, రెండో అంతస్తుకు."
గైడుకు తెలుగు రాదు. లింబాద్రి నవ్వలే.

కట్టించిన ఇమాము పేరు పలక మీదుంది.
నేను గిలాబు చూస్తున్న.
కిటికీ మూలకు, తాపీ అందని జాగల
నాలుగు వేళ్ల అచ్చు.
నా చేతికన్న చిన్నది.
తట్టలు మోసిన పిలగాడేమో.
ముట్టొద్దని కాపలాయన కేకేసిండు.

ఆఖరుకు ఖర్జూరపు గది.
నేలంత సన్నటి కాలువలు.
సంచి మీద సంచి కప్పుదాకా పేర్చేటోళ్లట.
ఎవలూ పిండేది లేదు,
పైదాని బరువుకే కిందిది కారేదట,
తీయగ, మూలకున్న కుండలకు.
మా రూముల మంచం మీద మంచం, మూడు వరుసలు.
కింది మంచం నాది.

లింబాద్రి బయటికి నడిచిండు. నేను కూసున్న.
కాలువల వేలు పెట్టి వాలు చూసిన.
మూడు వందల ఏండ్లు దాటినా
నీళ్లు పోస్తే నిలువవు.
ఎవలో మంచి మేస్త్రి.