నడిచేదే లెక్క

బరంపురం బజార్లో పదహారేళ్లుగా
బ్రేకు షూలు అమ్ముతున్నాను.
మనుషుల మొహాలు నాకు నిలవవు.
హెడ్‌లైట్లు నిలుస్తాయి.

పాల లెక్క రాసే పుస్తకంలో
వెనక పేజీల లెక్క వేరు.
మంగళవారం, కోర్టు దగ్గర,
మీగడ రంగు ఫియట్టు, గేరు స్టీరింగు పక్కనే.
నడిపే పెద్దాయన అద్దం దించి
చెయ్యి బయటికి చాపి కుడికి తిరిగాడు.
అలా తిరిగే మనిషిని చూసి ఎన్నాళ్లయిందో.
వెనకున్న ఆటో కుర్రాడికి అదేమిటో తెలీక
తిరిగి టాటా చెప్పాడు.

గురువారం, చేపల బజారు.
ఆకుపచ్చ విజయ్ సూపర్.
సీటు మీద ఐసు పెట్టె, పెట్టె కింద గోనె,
గోనె కింద పాత దుప్పటి,
దుప్పటి కింద ఒక్క గీతా పడని పెయింటు.
రోజూ ఉప్పునీళ్లు కారే బండిని
తుప్పు ముట్టకుండా ఎలా కాచావని
అడగబోయాను.
బేరమనుకుని
వంజరం కిలో ఎంతో చెప్పాడు.

స్టేషను రోడ్డు హోటల్లో
గాజు గదిలో ఒక అంబాసిడర్ ఉంది.
పెళ్లివాళ్లు దాన్ని ఆనుకుని ఫోటోలు దిగుతారు.
బంపర్లో మొహం చూసుకోవచ్చు.
దానికోసం మా షాపుకి
ఒక్క ఫ్యాన్ బెల్టుకైనా ఎవరూ రాలేదు.
దాన్ని నేను రాయను.
నడిచేదే లెక్క.
వానలో తడిసి, వంతెన ఎక్కలేక ఆగి,
వెనక బస్సుచేత తిట్లు తిని
మళ్లీ కదిలిందే లెక్క.

వెనకటి యజమాని వదిలేసిన
చెక్క సొరుగు ఒకటుంది షాపులో.
గ్రీజు కాగితంలో చుట్టిన పాయింట్లు,
ఏ బండివో తెలీని స్ప్రింగులు,
బిళ్లల్లా గట్టిపడ్డ రబ్బరు వాషర్లు.
ఏటా స్టాకు చూసేటప్పుడు
"పాత ఇనుముకి వేసెయ్" అంటాడు సాహు బాబు.
సరేనంటాను.
దుమ్ము తుడిచి మళ్లీ మూస్తాను.

నిన్న సాయంత్రం రైలు గేటు పడింది.
విశాఖ వైపు గూడ్సు,
పెట్టెలు లెక్కపెట్టడం ముప్ఫై దగ్గర మానేశాను.
ఒక్కొక్కరే ఇంజన్లు ఆపేశారు.
ఆ చప్పుళ్లన్నీ పోయాక ఒకటి మిగిలింది,
అన్నం కుండ మీద మూత ఆడినట్టు.
తిరిగి చూడకుండానే తెలిసింది.
యెజ్డీ. ఓ.ఆర్.జి. నంబరు.
నల్లటి ట్యాంకు మీద బంగారు గీత,
బ్రష్షుతో గీసిందే,
ఒక్కచోట చెయ్యి వణికింది.
మీద డెబ్బై దాటిన మనిషి,
వెనక తాళ్లేసి కట్టిన పట్టుచీరల మూట.

"ఆపండి తాతా, గూడ్సు పెద్దది."
"ఆపితే మరి లేవదు బావూ.
నానూ అంతే, కూకుంటే లెగను."
పేరడిగితే పీతాంబర పాత్రో అన్నాడు,
ట్యాంకు మీద పొగమసి
కండువా కొసతో తుడుస్తూ.
"పాయింట్లు అరిగిపోనాయి.
కటకం దాకా అడిగించినాను. నేవంట."

గ్రీజు కాగితం.
సొరుగులో ఎడమ మూల.
చెప్పేలోపే గేటు లేచింది.
వంద బటన్లు ఒక్కసారి నొక్కారు, వంద హారన్లు.
ఆయన కాలు కదిపాడంతే.
కిక్కు కొట్టిన రాడ్డే గేరు రాడ్డు దానికి,
లేపిందే నడిపిస్తుంది.
"మా షాపులో ఉన్నాయి! తాతా!
గడియారం సందు, సాహు ఆటో!"
పట్టాలు దాటాక చెయ్యి చాపాడు.
సరే అనో,
కుడికి తిరుగుతున్నాననో.

ఇవాళ పొద్దున్నే షట్టరెత్తాను.
పుస్తకంలో ఇంకా రాయలేదు.
సొరుగు తెచ్చి కౌంటరు మీద పెట్టాను.
కాగితం మీద పాత ధర, పదకొండు రూపాయలు,
ఎవరి దస్తూరీయో.
సాహు బాబు వచ్చి చూశాడు.
"అమ్ముడవుతాయా ఇవి?"
రోడ్డు మీద చప్పుళ్లు వింటున్నాను,
ఆయనకి జవాబివ్వలేదు.