చెవిటికుంట

దస్త్రంలో దానికి పేరు లేదు.
పదకొండో నంబరు కుంట, అంతే.
విస్తీర్ణం దగ్గర ఓ చుక్క,
లోతు దగ్గర ఎవరిదో పాత టీ మరక.
చూసి రమ్మన్నారు.

గుంటూరు నుంచి తొలి బస్సు.
చొక్కాకి యార్డు మిరపఘాటు అంటుకునే ఉంది,
ఫిరంగిపురం వచ్చేదాకా పక్కసీటాయన తుమ్ముతూనే ఉన్నాడు.
దిగాక రోడ్డు, రోడ్డయ్యాక డొంక,
డొంకయ్యాక నాగూల్‌మీరా.
ముందు అతని మేకలు, వెనక అతను,
అతని వెనక టేపూ తాడూ రాయీ మోసుకుంటూ నేను.

దారి అంటూ ఏమీ లేదు.
మేక ఎక్కడ కాలు పెడితే అదే దారి.
కలేకంప మోచేతులు గీరింది.
సీతాఫలం చెట్ల కింద పోయినేటి కాయలు
నల్లగా ఎండి, ఎవరో మరచిపోయిన బొంగరాల్లా.
రెండు కొండల సందున నిలబడి
"ఓహోయ్" అన్నాడు నాగూల్‌మీరా.
ఒక కొండ తిరిగి అంది,
రెండోది ఇంకాస్త సాగదీసి అంది.
"ఇంక సూడు సారూ" అని నవ్వాడు.

రాతిగుండు చుట్టూ తిరిగాం.
నీళ్లు.
ఇంతేనా అనిపించింది మొదట.
పెళ్లిపందిళ్లు వేస్తే మూడు పడతాయేమో.
రేలపూలు రాలి అంచున పచ్చటి గట్టు కట్టాయి.
ఎండుకొమ్మ మీద లకుముకి
మమ్మల్ని చూసీ చూడనట్టు మెడ తిప్పుకుంది.

అక్కడ మళ్లీ అరిచాడు, గొంతు చిట్లేలా.
ఏమీ రాలేదు.
బుడుబుంగ ఒకటి బుడుక్కున మునిగింది,
అరుపుని ముక్కున కరుచుకుపోయినట్టు.
"అందుకే చెవిటికుంట.
మా నాయనమ్మ ఈడికొచ్చి తిట్టుకునేదంట,
మా తాతని, అత్తని, రాని వానల్ని.
ఇంటికాడ ఒక్క మాట అనేది కాదు."

నేను పని మొదలెట్టాను.
తూర్పున తుంగ, పడమర నల్లరాయి,
దక్షిణాన బురదలో అడుగులు:
మేకవి, అడవిపందివి,
ఒకటి మాత్రం చిన్నపిల్ల అరచెయ్యంత.
దేనిదని అడిగితే
"మేం అడగం" అన్నాడు.

రాయి కట్టి తాడు వదిలాను.
ఒక బార. రెండు. రెండున్నర.
అడుగున ఏదో మెత్తగా పట్టుకుని
కాసేపు ఆలోచించి వదిలేసినట్టు
తాడు సడలింది.
పైకి లాగితే నాచు, చల్లదనం,
మే నెల మధ్యాహ్నానికి అతకనంత చల్లదనం.
దోసిట్లో తాగాను.
రాతిరుచి, ఆకురుచి,
చివర్లో నా వేళ్లకున్న కారం.

మూడింటికి గాలి పడిపోయింది.
అప్పుడు వినబడింది సన్నగా
క్రషర్, నిద్రలో పళ్లు నూరుతున్నట్టు.
"పోయినేడు రెండు కొండల అవతల ఉండేది.
ఇప్పుడు ఒక్కటే."

రాతినీడలో కాగితం నింపాను.
పొడవు రాశాను, వెడల్పు రాశాను.
ఆయకట్టు అన్నచోట పెన్ను ఆగింది.
ఎకరం తడపదిది. సెంటు తడపదు.
లేదు అంటే కాగితంలోంచి కొట్టేస్తారు,
రాళ్లవాళ్లు ఉత్త కొండనుకుని వస్తారు.
ఉంది అంటే రోడ్డొస్తుంది,
రోడ్డెమ్మట మోటారు, మోటారెమ్మట పైపు,
పైపు చివర ఎవరిదో రిసార్టు.
మేకలు తాగుతున్నాయి ముందుకాళ్లు వంచి.
నలభై రెండు.
ఆ అంకెకి ఆ కాగితంలో గడి లేదు.

దిగేముందు నేనూ వెనక్కి తిరిగి
ఒక పేరు గట్టిగా పిలిచాను.
ఎవరిదని నాగూల్‌మీరా అడగలేదు.
నీళ్లు ఉంచుకున్నాయి.

సోమవారం ఫైలు తిరగేస్తూ
"ఆయకట్టు ఖాళీగా వదిలావేమయ్యా" అన్నారు పెద్దసారు.
కిటికీ కింద బస్సులు, హారన్లు.
బూటుకి ఎండిన బురద గోటితో గీకుతున్నాను.
మళ్లీ అడిగారు.
నాకు వినపడలేదు.