నీరు అలసిపోయే చోటు

రాత్రి మూడూ పన్నెండుకి నా సముద్రం పేలిపోయింది.
వేగం ఉండాల్సిన గడిలో
‘సంఖ్య కాదు’ అని ఒక్క మాట.
అది పక్క గడికి పాకింది, ఆ పక్క గడికి,
నేను కాఫీ కప్పు దించేలోగా
జలసంధి మొత్తం సంఖ్య కాకుండా పోయింది.

బూడోలో డిసెంబరు.
సూర్యుడు కొండ అంచుదాకా వచ్చి
మొహం చూపకుండానే వెనుదిరిగే నెల.
కింది అంతస్తులో యంత్రాల హోరు.
వాటి వేడికి ఫియోర్డు నుంచే నీళ్ళు తోడతారు:
ఆ నీళ్ళు ఎలా తిరుగుతాయో లెక్కగట్టే నుదుటికి
ఆ నీళ్ళే తడిగుడ్డ.

నా ముందు ఈ కుర్చీలో కూర్చున్న యోస్టెయిన్
మొదటి తరగతి పద్ధతి వాడేవాడు.
ఎప్పుడూ పేలేది కాదు.
ఎందుకు పేలుతుంది?
ప్రతి సుడినీ మెదిపి మెదిపి
పడవల్ని బొంగరంలా తిప్పే నీటిని
చల్లారిన జావ చేసేది.
“ఎంత బుద్ధిగా ఉందో చూడు” అనేవాడు, మురిపెంగా.

నాకు బుద్ధిమంతమైన నీరు వద్దు.
ప్రతి గడిలో ఏడో ఘాతం దాకా బహుపదులు నింపాను
(అవే, బడిలో అందరం తిట్టుకున్నవే).
గడికీ గడికీ మధ్య
విలువలు కలవాలన్న పట్టింపు లేదు;
గట్టు తగాదా పడ్డ ఇద్దరిలా
ఎవరి లెక్క వాళ్ళది.
దాటే నీళ్ళెన్నో, అదొక్కటీ
మధ్యవర్తి ముందు తేల్చుకుంటే చాలు.
సుడులు ఎంత బాగా వచ్చాయని!
సుడిలో సుడి, దాని అంచున పిల్ల సుడి,
విప్పిన జడలో పాయల్లా దేనికది.
మూడూ పన్నెండు దాకా.

ఆదివారం ఒడ్‌లైఫ్ బాబాయిని తీసుకొచ్చాను.
ముప్పై ఒక్క ఏళ్ళు ఆ జలసంధిలో
ఓడలకి దారి చూపినవాడు.
తెర ముందు టోపీ తీసి కూర్చున్నాడు, చర్చిలోలా.
పేలకముందరి చివరి బొమ్మని వేలితో తడిమాడు.
“ఇదిగో, ఇక్కడ నీటికి ఎటు పోవాలో తెలీలేదు.
పెద్ద సుడి చిన్నదానికి అప్పజెబుతుంది,
చిన్నది ఇంకా చిన్నదానికి.
చివరికి నాచు పీచుల్లో, గుల్లల వీపు మీద
రవ్వంత వెచ్చబడి ఊరుకుంటుంది.
నువ్వు పరుగు ఇచ్చావు, పడక ఇవ్వలేదమ్మా.”

వెతికితే దొరికింది.
ఏడో ఘాతాన్ని ఏడో ఘాతంతో గుణిస్తే పద్నాలుగు.
నా గడికి ఏడు దాకానే చూపు.
ఆ పైవి ఎటూ పోలేక
పొడుగు అలల వేషం కట్టుకుని తిరిగొచ్చి
లేని శక్తిని నా ఖాతాలో జమ రాస్తున్నాయి.
దొంగ పద్దు.

గుణకారాన్నే రెండు రకాలుగా రాసి సగం సగం కలిపాను.
కాగితం మీద రెండూ ఒకటే, యంత్రంలో కావు.
రెండు తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి.
అడుగున, గడికి అందని సుడుల కోసం
చిటికెడు జిగట.
బాబాయి చెప్పిన పడక.

మూడూ పన్నెండు దాటింది. నాలుగు దాటింది.
పోటు ఆరు గంటలూ ఉరికి, ఆగి, వెనక్కి మళ్ళింది.

మళ్ళీ పిలిచాను. చాలాసేపు చూశాడు.
వంతెన రెండో స్తంభం పక్కన వేలు ఆగింది.
“ఈ సుడి లేదు.”
గుండె జారింది. మళ్ళీ తప్పా?
“లేదంటే, ఉండేది. వంతెన కట్టక ముందు.
తిరగలి అనేవాళ్ళం దాన్ని.
రాళ్ళు పోసి పూడ్చేశారు.”

సముద్రపు అడుగు పటం తీసి తేదీ చూశాను.
నేను పుట్టక ముందు కొలిచింది.
ఎవరూ చెప్పకుండానే, ఉత్త గుంటల లోతుల నుంచి
సమీకరణం తిరగలిని మళ్ళీ తిప్పింది.

బాబాయి టోపీ పెట్టుకోలేదు.
“దీని చప్పుడు వస్తుందా?” అన్నాడు.
రాదన్నాను.

కొత్త పటం వచ్చి తొమ్మిది రోజులైంది.
పాతది తీసి పెట్టడానికి అయిదు నిమిషాల పని.
రేపు చేస్తాను.