కాయలు

పెద్ద తుఫానుకి ఒరిగిన గానుగచెట్టు
షిప్‌యార్డు గేటు పక్కన
ఇంకా ఒరిగే ఉంది.

లోపల మాను లావెక్కుతుంటే
లేతనాటి పచ్చతోలు ఎప్పుడో పిగిలింది,
బిగుతు రవిక కుట్లు వదిలినట్టు.

ఆ చిరుగు కింద ఒక పల్చటి పొర
నిద్రపోని దర్జీ.
బయటికి పది వరసలు కుడుతుంది,
లోపలికి ఒకటో అరో.
బయటివి ఒంటికి మైనం పట్టించుకుని
చచ్చిపోతాయి.
చచ్చాకే వాటి డ్యూటీ మొదలు.

అక్కడక్కడా సన్నని చీలికలు,
ఊపిరికని మూయకుండా వదిలినవి.
ఉప్పుగాలి వాటినీ గోకి చూస్తుంది.

వెల్డర్ అప్పలకొండ
టీ గ్లాసుతో వచ్చి మానుకి వీపు ఆనిస్తాడు.
మొరటు అరచేత్తో మొరటు బెరడుని తడిమి
"నీకూ కాయలు కాసీసాయేటే?" అంటాడు.

రెండో సైరన్.
చొక్కాకి అంటిన పొట్టుతోనే
లోపలికి పోతాడు.