మైనం గట్టిపడేలోపు

పెరంబూరులో నా గదికీ ఎతిరాజులు గారి కొట్టుకీ మధ్య
ఒక్కటే ఇటుక వరస.
ఆయన వీణలకు మెట్లు కడతాడు.
నల్లమైనం కాగే వాసన
నా స్పీకర్ల జాలీలో చిక్కుకుని ఉంటుంది.

నేను రాత్రిళ్ళు ట్రాన్స్ కడతాను.
నిమిషానికి నూట నలభై అయిదు దెబ్బలు,
ప్రతి దెబ్బ వెనకా షడ్జం మూడడుగులు.
దాని మీద ఏం పలికించాలన్నదే పేచీ.
అందరూ మాయామాళవగౌళ తలుపే తడతారు,
బుట్టలోంచి పాము లేస్తుంది, చేతులు పైకి లేస్తాయి.
విసుగొచ్చింది.

ఈసారి ముప్పై ఏడో మేళం దించాను. సాలగం.
సరిగ, ముగ్గురూ ఒకే బెంచీ మీద ఇరుక్కున్నారు.
మపదని, నలుగురూ అవతలి ప్లాట్‌ఫారం మీద.
నడుమ పట్టాలు.
గాంధారం నుంచి మధ్యమానికి దూకిన ప్రతిసారీ
సింథ్ కాలు కంకరలో పడింది.
పదకొండు రాత్రులు.

పన్నెండో రాత్రి గోడ మీద కొట్టాడాయన.
చప్పుడెక్కువైందేమోనని తగ్గించాను.
మళ్ళీ కొట్టాడు. తలుపు తీస్తే
లుంగీ, నుదుటి మీదికి కళ్ళజోడు, వేళ్ళకి మైనం.
"ఏంది నాయనా ఆ గాంధారం? ఎవురో తప్పు మెట్టు కట్టినారు."

శుద్ధ గాంధారమండీ, వివాది, అన్నాను.
"తెలుసులే. మా నాయన ఆ పేరెత్తితే
నోట్లో ఆకు ఉమ్మేసేవాడు. ఇంటికి చేటంట."
ఇంట్లో కాదండీ. ఈసీఆర్‌లో, సరుగుడు తోపులో,
మూడొందల మందికి, తెల్లారి నాలుగింటికి.
"అట్లయితే సరే," అని కూచున్నాడు,
చేటు బస్సెక్కి వెళ్ళిపోయినట్టు.

హెడ్‌ఫోన్ పెట్టాను.
"ఆ దంచుడు తియ్యి." తీశాను.
"ఆ ఉరుకులాట కూడా." అదీ తీశాను.
ఏడు స్వరాలు మిగిలాయి, బట్టల్లేకుండా.
"నీ మెట్టు గట్టిపడిపోయింది. అందుకే గుచ్చుకుంటా ఉండాది.
మైనం మెత్తగున్నప్పుడే జరపాల.
వెంట్రుకవాసి. కిందికి."

మౌసు ఆయనకి రాదు. నా మణికట్టు పట్టుకున్నాడు.
అంకెలు దిగాయి: ఆరు, తొమ్మిది, పద్నాలుగు
"ఆగు."

గాంధారం ఇప్పుడు
రిషభం ఇంటి గొడవని
గోడకి చెవి ఆనించి వింటోంది.

తోపులో ఆ రాత్రి
చెప్పుకోదగ్గదేమీ జరగలేదు. ఆడేవాళ్ళు ఆడారు.
అది వచ్చినప్పుడు మాత్రం
జనరేటర్లో డీజిల్ పోస్తున్న కుర్రాడు
క్యాను పట్టుకునే తల తిప్పాడు,
ఎవరు పిలిచారో తెలియక.

ఎతిరాజులు గారికి చెప్పాను.
"డీజిల్ ఒలకలేదు గదా?" అన్నాడు,
కత్తి కొసతో గోటికింద మైనం గీక్కుంటూ.