రెండో చిల్లు

ఈ ఊళ్ళో వాళ్ళు బర్రా అంటారు.
నేను బుర్ర అంటాను,
మూడు వారాలుగా నా బుర్ర తింటున్నది
ఇక్కడ కొన్న డెబ్భై నాలుగు మోడల్ హోల్డెన్ యూట్ కాబట్టి.

పొద్దున బాగానే లేస్తుంది.
చోక్ లాగితే ఒకసారి గొంతు సవరించుకుని
గొర్రెల కంచెల వెంట
ఏమీ ఎరగనట్టు పరిగెడుతుంది,
సరిగ్గా ఇరవై నిమిషాలు.
ఆ తర్వాత ఎక్కిళ్ళు.

ఎవరో తలుచుకుంటున్నారు దీన్ని, అనుకున్నాను మొదటిసారి.
అమ్మినావిడని అడిగితే, డోరీన్ ట్రెవారో,
"నేనైతే తలుచుకోలేదమ్మా, కార్బురేటర్ చూసుకో" అంది.

చూసుకున్నాను.
ఫ్లోట్ గిన్నె అడుగున ఆవగింజంత తుప్పు,
ఒక చీమ, రెక్కలున్నది.
జెట్‌లోకి సన్న తీగ దూర్చాను.
ప్లగ్గులు మార్చాను, పాయింట్లు గీకాను,
గాలి దొంగదారిన దూరుతోందేమోనని
మానిఫోల్డ్ చుట్టూ నీళ్ళు చల్లి చెవి ఒగ్గాను.
ఎండకి పెట్రోలు గొట్టంలోనే ఆవిరవుతోంది,
క్లిప్పులు పెట్టమన్నాడు పోస్టాఫీసు ముసలాయన.
పెట్టాను. చెక్కవి, ఆరు,
గొట్టం మీద ఎవరి బట్టలో ఆరేసినట్టు.

ఇరవై నిమిషాలు. ఎక్కిళ్ళు.

నిన్న పీటర్‌బరో ఆస్పత్రికి రాత్రి డ్యూటీకి పోతుంటే
హాలెట్ ఇవతల ఆగిపోయింది.
పొదలు. తిరగని గాలిమర.
పదినిమిషాలు ఊరుకుంటే మళ్ళీ లేస్తుందని తెలుసు.
ఊరుకోలేక,
క్యానులో ఉన్న ఐదు లీటర్లు పోద్దామని
వెనక్కెళ్ళి ట్యాంకు మూత తిప్పాను.

హుస్స్‌మంది.
బయటికి కాదు, లోపలికి.
ఎప్పట్నుంచో బిగబట్టినట్టుంది,
హాలెట్ దారిలో గాలంతా
ఒక్క గుక్కలో పీల్చింది.

అక్కడ, దుమ్ములో నిలబడి ఉండగా,
నాంచారమ్మ కొట్టు గుర్తొచ్చింది.
వేరుశనగ నూనె డబ్బా మీద మేకు ఆనించి
సుత్తితో ఇటొక దెబ్బ, అటొక దెబ్బ.
ఒక్క చిల్లు చాలదా అని నేనడిగితే
"ఇది నూనెకి, అది గాలికి.
గాలి లోపలికి పోకుండా
నూనె బయటికెందుకొస్తుందే పిల్లా?"

మూత నేను కొన్నదే.
పాతది తుప్పుపట్టి ఉందని మొదటిరోజే పారేసి
మెరిసేది తెచ్చాను. బిగువైనది. చిల్లు లేనిది.
రోజూ పదిమంది ఊపిరి లెక్కపెట్టి
చార్టులో రాసేదాన్ని,
దీనికి ఊపిరి ఎటునుంచో అడగలేదు.

పొద్దున డోరీన్ షెడ్డులో
బల్ల మీద మూత పెట్టి డ్రిల్లుతో ఒక మిల్లీమీటరు.
"నన్నడగాల్సింది" అంది డోరీన్.
"అడిగాను."
"ముందు సంగతి అడిగావు. వెనక సంగతి కాదు."

ఇవాళ హాలెట్ దాటాను. టెరోవీ కూడా దాటాను.
గొట్టం మీద ఆరు క్లిప్పులూ
ఇంకా అలాగే ఉన్నాయి.
తీసేద్దామని బానెట్ ఎత్తి
ఎందుకో మళ్ళీ దించేశాను.